పాములకు అద్దపుటిండ్లు



పాము తనకై యిల్లు కట్టుకొనదు. చెదలు పెట్టిన పుట్టలోనో, ఎలుక త్రవ్విన కన్నములోనో దూరి కాలము గడుపును. అట్టి ప్రాణికి మనుష్యుడు పూనుకొని కొయ్యతోను గాజుతోను ఇల్లు కట్టియిచ్చుట యేమి వింత యని మీరడుగవచ్చును. నేనును ఆలాగుననే అడిగితిని. మూడేండ్ల క్రిందట, ఇంగ్లండులో ఉద్యోగము చేయుచున్న నా మనుమడు ఒకనాటి రాత్రి టెలిఫోనులో, "తాతయ్యా, మన పుస్తకాల బీరువాకు పక్కకు జరిపే అద్దాల తలుపులు నువ్వే చేశావు కదా, అవి ఎలా అమర్చావో చెప్పు" అనెను. సంతోషముతో చెప్ప మొదలిడితిని. సగము చెప్పిన పిమ్మట, ఏ పుస్తకములు పెట్టెదవురా యని అడిగితిని. "పుస్తకాలకు కాదు తాతయ్యా, పాముకు" అనెను. నేను వానికి విద్య నేర్పుచున్నానని తెలిసి మా యింటావిడ రెండు దినములు నాతో మాటలాడలేదు.

వాడు పెంచదలచినది విషము లేని పాము. ఉత్తర అమెరికా ఖండములో ఆగ్నేయ భాగమున పుట్టిన జాతి. దానిని అక్కడివారు మొక్కజొన్న పామందురు. ధాన్యపు కొట్టములలో ఎలుకల కొఱకు చేరును గనుక ఆ పేరు వచ్చెనని కొందఱును, కడుపు మీది గళ్లు రంగురంగుల జొన్నగింజలవలె నుండుటచేత వచ్చెనని కొందఱును చెప్పుదురు. ఇంగ్లండులో ఇట్టి నిర్విష సర్పములను ఇంట పెంచుటకు అనుమతి పత్రముతో పని లేదు. త్రాచు మొదలగు ప్రమాదకరములైన వానికి మాత్రము 1976 నాటి చట్టము ననుసరించి స్థానికాధికారుల అనుమతి కావలెను. మన దేశపు సంగతి వేఱు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము మన పాములను పట్టి పెంచుటను నిషేధించినది. కావున ఈ ప్రసంగము విని ఎవరును పొలము గట్టున తిరుగు జెఱ్ఱిపోతును పెట్టెలో పెట్టవలదని మొదటనే మనవి చేయుచున్నాను. నేను చెప్పబోవునది ఆ పెట్టె యొక్క చరిత్ర. ముఖ్యముగా దాని తలుపు చరిత్ర.

మన మెఱిగిన పాము ఇల్లు పాములవాని బుట్ట. వెదురు బద్దలతో అల్లిన గుండ్రని బుట్ట, మూత పైన. నా బాల్యమున మా వీథికి పాములవాడు వచ్చినప్పుడు మేము అరుగులెక్కి చూచెడివారము. వాడు మూత తీసిన తక్షణమే త్రాచు లేచి పడగ విప్పెడిది. బూర విని ఆడుచున్నదని మా పెద్దలు చెప్పిరి, మేము నమ్మితిమి. నిజమున కది బూర కదలికను చూచి దానితో పాటు ఊగును. ఇక లేచుటకు కారణము బెదురు. చీకటిలో చుట్టచుట్టుకొని యున్న ప్రాణి మీద ఒక్కసారిగా పైనుండి వెలుతురు పడును, ఆ వెలుతురులోనుండి ఒక చేయి దిగును. గ్రద్ద వచ్చునది పైనుండియే గదా. తలుపు పైన నున్న యింటిలో పాము కెన్నడును నెమ్మది యుండదని ఇప్పుడు పాములను పెంచువారు పలువురు చెప్పుదురు. బుట్ట అల్లినవానికి పాము నెమ్మదితో పని లేదు. అది లేచి పడగ విప్పిననే వానికి కూడు.

మన తీరమున పాములను శాస్త్రదృష్టితో చూచిన తొలివారిలో ఒకడు విశాఖపట్టణములో నుండిన పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు. 18వ శతాబ్దపు చివరి భాగమున అతడు తూర్పిండియా కంపెనీ కొలువులో నుండి, పల్లెవారిచేత పాములను తెప్పించి, వాని పండ్లను, విషమును పరీక్షించి, మనవారు చెప్పిన పేర్లనే ఇంగ్లీషు లిపిలో వ్రాసికొని, 1796లో కోరమాండలు తీరపు సర్పములను గూర్చి పెద్ద గ్రంథమును ప్రకటించెను. మనము కాటుకరేకుల పొడ యనియు, రక్తపింజరి యనియు పిలుచు పాము నేడు లోకమంతటను రస్సెల్ పేర పిలువబడుచున్నది. కట్లపాముల జాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన బంగారస్ అను పేరు అతడు వ్రాసికొనిన మన తెలుగు "బంగారు పాము" నుండి పుట్టినదే. అయినను ఆ కాలపు పండితులకు పామునకు తగిన గాజనగా సారా నింపిన సీసాయే. బ్రతికిన పామును గాజు వెనుక నుంచి దినదినమును చూడవచ్చునను తలంపు అప్పటికి ప్రబలలేదు. గాజు ప్రియమైన వస్తువు. ఇంగ్లండులో దానిపై తూకమును బట్టి పన్ను విధింపబడెడిది.

గాజుపెట్టెకు మొదట దారి చూపినది పాము గాదు, ఒక గూటిపురుగు. లండనులో నథానియేల్ బాగ్‌షా వార్డు అను వైద్యుడు 1829లో ఒక గూటిపురుగును తడి మట్టితో గూడ సీసాలో నుంచి మూత బిగించెను. పురుగు మాట యట్లుండగా, ఆ మట్టిలో ఒక పర్ణపు మొక్కయు గడ్డిపోచయు మొలచినవి. లండను పొగలో అతని తోటలో బ్రతుకని జాతి సీసాలో పచ్చగా నుండెను. లోపలి తేమ గాజుకు తగిలి, నీరై, మఱల మట్టిలోనికే జాఱుచుండుటయే రహస్యము. 1833లో అతడు మొక్కలతో నింపిన రెండు గాజుపెట్టెలను ఓడపై ఆస్ట్రేలియాకు పంపెను. మొక్కలు బ్రతికియే చేరినవి. పిమ్మట చీనా నుండి తేయాకు మొక్కలు మన హిమాలయ ప్రాంతములకు వచ్చినదియు ఇట్టి పెట్టెలలోనే. 1845లో గాజుపన్ను రద్దయ్యెను. అప్పటినుండి సామాన్య గృహస్థుల కిటికీల యొద్ద గాజుపెట్టెలు వెలసినవి. మొదట మొక్కలకు, తరువాత చేపలకు, కప్పలకు, బల్లులకు.

1849లో లండను జంతుప్రదర్శనశాలవారు సరీసృపములకే ప్రత్యేకముగా ఒక శాలను ఏర్పఱచిరి. ప్రపంచములో నట్టిది అదియే మొదటిదని చెప్పుదురు. జనము గాజు కానుకొని నిలిచి, జానెడు దూరమున పడగ విప్పిన త్రాచును నిర్భయముగా చూచుట ఎంత వింతయై యుండునో మీ రూహింపుడు. నేను మద్రాసులో, 1972 నుండి గిండీలో నున్న సర్పవనమున అట్లు నిలిచి చూచితిని. అద్దమున్నదని తెలిసియు ఒక అడుగు వెనుకకు వేసితిని.

ఆ లండను శాలలో నాలుగేండ్లయినను గడువకమునుపే ఘోరము జరిగినది. గర్లింగ్ అను కాపరి 1852 అక్టోబరు నెలలో ఒకనాటి ఉదయమున పనిలోనికి వచ్చెను. ముందటి రాత్రి యంతయు ఆస్ట్రేలియాకు పోవుచున్న మిత్రుని సాగనంపుచు త్రాగియున్నాడు. తోడివాడు వలదని అఱచుచుండగనే తలుపు తెఱచి త్రాచును చేతితో తీసెను. అది ముక్కు మీద కఱచెను. ఆస్పత్రికి కొనిపోయిరి, కృత్రిమ శ్వాసను గూడ ప్రయత్నించిరి. కొలది గంటలలోపలనే అతడు మరణించెను. పాము విషమునకు విఱుగుడు మందు కనిపెట్టుటకు ఇంకను 40 ఏండ్లకు పైబడి పట్టినది. పత్రికలు త్రాగుడును నిందించినవి; నిందింపదగినదే. అయితే నాకు ఇంకొక మాట తోచుచున్నది. చూడవచ్చిన వానిని కాపాడుటకు ఎదుట గాజు పలక నిలిచినది. ప్రతి దినము ఆ పెట్టెను తెఱవక తప్పని వానికి తన నిదానము తప్ప అడ్డమేమున్నది? పెట్టె కట్టువాడు చూచువానిని తలచినంతగా తెఱచువానిని తలచుట లేదు. లోపల నున్నదానిని తలచుటకు ఇంకను చాల కాలము పట్టినది.

ఆ పని చేసినది ఒక స్త్రీ. జోన్ ప్రాక్టర్ 1897లో లండనులో పుట్టెను. చిన్ననాటనుండియు బల్లులను, పాములను పెంచెను. ఒకప్పుడు చిన్న మొసలి పిల్లను పాఠశాలకు తీసికొనిపోయి గణితోపాధ్యాయిని బెదరగొట్టెనని చెప్పుదురు. ఆమెకు దీర్ఘమైన ఉదరవ్యాధి. అందుచేత విశ్వవిద్యాలయపు చదువునకు పోలేకపోయెను. అయినను 1923లో లండను జంతుప్రదర్శనశాలవారు సరీసృపముల పాలన ఆమె కప్పగించిరి. ఆమె ఆలోచనపై కట్టిన క్రొత్త శాల 1927లో తెఱువబడెను. అంతకు పూర్వము శాల నంతను ఒకే రీతిగా వేడిచేసి, అదియే చాలునని తలచెడివారు. ఆమె ఒక్కొక్క అఱలోనే విద్యుత్తుచేత ఒకచోట వేడియు, ఒకచోట చల్లనయు నుండునట్లు చేసెను. జనులు నడచు త్రోవను చీకటిగా నుంచి వెలుతురును అఱలలోనికే మరల్చెను. సామాన్యమైన అద్దము ఎండలోని అతినీలలోహిత కిరణములను ఆపివేయును. అవి లేనిచో చాలజాతుల బల్లులకు, తాబేళ్లకు ఎముకలు మెత్తబడును. కావున ఆ కిరణములను రానిచ్చు క్రొత్తరకపు గాజును ఆమె తెప్పించెను. ఎండ తగిలిన కొలది ఆ గాజునకు ఆ గుణము తగ్గుచుండెను గాని, ఆలోచన నిలిచినది. నేడు పెంచువారు ఆ కిరణములనిచ్చు దీపమును పెట్టె లోపలనే అమర్చుదురు. కొమోడో ద్వీపపు మహాకాయమగు ఉడుము ఒకటి ఆమె వెంట పెంపుడు కుక్కవలె నడచెడిదట. ఆమె 1931లో, 34వ యేట చనిపోయెను.

పాము ఎందుకు రెండు తావులు కోరును? మన దేహమున వేడి మనకే పుట్టును. పామునకు బయటినుండి తెచ్చుకొనవలెను. 1944లో కౌల్స్, బోగర్ట్ అను ఇద్దఱు అమెరికా శాస్త్రజ్ఞులు ఎడారి సరీసృపములను గూర్చి వ్రాసిన పరిశోధనలో దీనిని స్పష్టముగా నిరూపించిరి. అవి ఎండకును నీడకును మాఱి మాఱి తిరుగుచు తమ దేహపు వేడిని తామే దిద్దుకొనుచుండును. అంతకుముందు కూడ మన పొలములలో చలికాలపు ప్రొద్దున గట్టుపై పడుకొనిన పామును చూచినవా రెల్ల ఈ మాట నెఱుగుదురు. లెక్కలు కట్టి చూపినవారు మాత్రము వారు.

ఇక ఇంటిలో పెట్టె కట్టువాని సంగతి. జంతుప్రదర్శనశాలలో కాపరి వెనుకనుండి పోవుటకు ప్రత్యేకమగు త్రోవ యుండును. ఇంటిలో పెట్టె గోడకు ఆనియుండును. ఒకదానిపై నింకొకటి నిలుపుటయు గలదు. వెనుక త్రోవ లేదు, పైన తలుపు కూడదు. మిగిలినది ముందు. ముందు తలుపును బందులతో పెట్టినచో తెఱచినపుడు నోరంతయు తెఱచుకొనును. ప్రక్కకు జరుపు అద్దమైనచో చేయి పట్టునంతయే తెఱవవచ్చును, పాము కదలిన వెంటనే మూయవచ్చును. ఈ కారణములచేతనే ఇంగ్లండులో ఇంటివడ్రంగులు కొయ్యపెట్టెకు ముందువైపున రెండు జరుపుడు అద్దములను అమర్చుటకు అలవాటుపడిరి. అమెరికాలో చేపల తొట్టెవంటి గాజుపెట్టెకు పైమూత పెట్టు వాడుక చాలకాలము సాగినది. వాడుకలలో నేది మేలో మీకు బుట్ట ముచ్చట చెప్పినప్పుడే చెప్పితిని.

మా వాడు చేసినది 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తుగల పెట్టె. ముందువైపున పైన మూడంగుళములు, క్రింద మూడంగుళములు పలక కొట్టి, నడుమ 18 అంగుళముల నోరు వదలెను. ఆ పలకలకు గాడులు తీసి అద్దములు నిలుపవలెను. ఇక్కడ నాకు తెలిసిన రహస్య మొకటి గలదు. పనివారైన శ్రోతలుందురు గనుక చెప్పెదను. క్రింది గాడి లోతు 2 నూళ్లు, పై గాడి లోతు 4 నూళ్లు ఉండవలెను. అంగుళమునకు 8 నూళ్లు గదా. అద్దము ఎత్తు 18 అంగుళముల 3 నూళ్లు. అద్దమును మొదట పై గాడిలోనికి అంతవఱకు ఎత్తుము. అడుగు క్రింది అంచునకు ఒక నూలు పైగా తేలును. లోపలికి త్రోసి దింపుము. అడుగు క్రింది గాడిలో కూర్చుండును, పైన ఇంకను ఒక నూలు గాడిలోనే నిలిచియుండును. ఒక మేకు లేదు, ఒక బందు లేదు. పై గాడియు క్రింది గాడియు సమానమైన లోతుగా తీసిన వడ్రంగి, అద్దమును బిగించి మేకులు కొట్టి, తరువాత పగిలినప్పుడు పలకనే ఊడదీయవలసి వచ్చును. నేను ఒకప్పుడట్లు చేసినవాడనే.

రెండద్దములకు రెండు గాడులు ప్రక్కప్రక్కన, నడుమ గట్టు. ఈ గట్టును గూర్చియు నేను వానికి గట్టిగా చెప్పితిని: రెండు నూళ్లకు తక్కువ ఉంచకుము, కొయ్య చిట్లిపోవును, మన బీరువాకు అంతే యుంచితిని, నలువదియేండ్లయినను చెక్కు చెదరలేదు. వాడు అక్షరాలా అట్లే చేసెను. అద్దములు మధ్యలో రెండంగుళములు ఒకదానివెనుక నొకటి చేరునట్లు కోయించెను. లోపల విషము లేని వార్నిషు పూసి, మూలలు బిగించి, గాలికి ఒక ప్రక్క క్రింద, ఇంకొక ప్రక్క పైన రంధ్రములు తీసి, ఒక కొనను దీపమును, దానికి తీగెల బోనును అమర్చెను. ఆ కొనను వేడి 30 డిగ్రీల దరిదాపు, రెండవ కొనను 24. వేడి మితిమీఱినచో దీపమును తగ్గించు యంత్రమును గూడ బిగించెను. ఫోటో పంపెను. నేను ఇరుగుపొరుగు వారందఱకు చూపితిని.

డిసెంబరు నెలలో పాముపిల్లను తెచ్చిరి. పెన్సిలంత లావు. రెండవనాటి ఉదయమునకు పెట్టె ఖాళీ.

తలుపు మూసినట్లే యున్నది, బీగము వేసినట్లే యున్నది. వాడు నాకు టెలిఫోను చేసినప్పుడు వాని గొంతు చిన్నప్పుడు జ్వరముతో పలికినట్లు పలికెను. "తాతయ్యా, అది ఎటు పోయిందో తెలియడం లేదు. బయట మంచు పడుతోంది." పాము చలికి కదలలేకపోవునని, కొన్ని దినములలో చనిపోవునని నాకును తెలియును. ఎట్లు పోయెనని ఇద్దఱమును గంటసేపు తర్కించితిమి. గాలి రంధ్రములకు తీగెవల యున్నది. వెనుక పలకకు సందు లేదు. కట్టకడపట నేనే, అద్దములు రెండును చేరినచోట ఏమున్నదిరా యని అడిగితిని. వాడు కొంతసేపు మాటలాడలేదు. తరువాత, "నీ గట్టు ఉంది తాతయ్యా" అనెను.

గట్టు రెండు నూళ్లు. కావున ముందు అద్దమునకును వెనుక అద్దమునకును నడుమ సందు రెండు నూళ్లు, 18 అంగుళముల ఎత్తున, తెఱచిన వాకిలివలె నున్నది. దానికి తోడు అద్దము గాడిలో కొంచెమాడును, ఒత్తినచో సందు ఇంకను విరియును. పాము తల దూరినచోట దేహము దూరును. పుస్తకములు పాకిపోవు గనుక మా బీరువాలో ఆ సందు నలువదియేండ్లును తప్పు గాకుండ గడిచినది.

తొమ్మిదవనాడు పిల్ల దొరకినది. వంటగదిలో శీతలయంత్రము వెనుక, మోటారు వెచ్చగా నుండుచోట, నాలుగు చుట్టలు చుట్టుకొని యున్నదట. బ్రదికినది. దానికి ఇల్లంతయు చల్లని కొన, మోటారు వెచ్చని కొన యైనది. మా వాడు నా గాడులను చిత్రికతో చదునుచేసి, ఇంగ్లీషు ఈ యక్షరము వంటి తయారు గాడిపట్టాలను బిగించెను. వానిలో గట్టు పలుచన. అంతటితో తృప్తి చెందక అద్దముల నడుమ మెత్తని పట్టీ నొకటి అతికించెను. పిల్లపాము తల ఆ సందును మించునంతవఱకు దానిని చిన్న మూతపెట్టెలో పెంచి, మఱుసటి యేడు గాని పెద్ద యింటిలో విడువలేదు. ఇప్పుడది మూడడుగులున్నది. పగలు వెచ్చని కొనను కొయ్యబెరడు క్రింద పడుకొని, చీకటి పడగానే చల్లని కొనకు వచ్చి అద్దమునకు గడ్డ మానించి చూచునట. దేనిని చూచునో వానికి తెలియదు.

పిల్ల దొరకినదని విన్న రాత్రి నేను లేచి దీపము వేసికొని మా బీరువా యొద్దకు పోయితిని. అద్దములు రెండును చేరినచోట చిటికెనవ్రేలు పెట్టి చూచితిని. గోరు దాటి మొదటి కణుపువఱకు దూరినది.